మీటరు తిరగని పాఠాలు

మా కుర్చీ మాస్టారికి విమానం ఇంజను స్టార్ట్ చెయ్యడమంటే ఒళ్ళుమంట. ఆయన చేసే ఉద్యోగమేమో విమానం నడపడం నేర్పడం.

మా ఫ్లయింగ్ క్లబ్బులో రెండు చిన్న విమానాలున్నాయి. వాటిని గంటల లెక్కన అద్దెకిస్తాం. ఇంజను తిరిగినంతసేపూ మీటరు తిరుగుతుంది. పక్కన మాస్టారు కూర్చుంటే ఆయన ఫీజు కూడా ఆ మీటరు మీదే పడుతుంది. గంట అద్దె, గంట ఫీజు కలిపితే నా సగం నెల జీతం. ఆ డబ్బు పుచ్చుకుని రసీదు రాసే కిటికీ నాది.

కొత్తగా చేరినవాళ్ళని కుర్చీ మాస్టారు విమానం దరిదాపులకి రానిచ్చేవారు కాదు. షెడ్డు మూల రెండు ప్లాస్టిక్ కుర్చీలు, పెడళ్ళకి బదులు కాళ్ళ కింద రెండు ఇటుకలు, చేతిలో చీపురుకర్ర. అదే ఆయన విమానం. నల్లకళ్ళద్దాలు కొనుక్కుని మరీ వచ్చిన కాంట్రాక్టరుగారిని కూడా అక్కడే కూర్చోబెట్టారు.

"ఇంజను చప్పుడు చెయ్యండి."

"ఎలా అండీ?"

"నోటితో. నోటికి అద్దె లేదు కదా!"

కాంట్రాక్టరుగారు అరగంటసేపు బుర్రుమన్నారు. సైకిలు మీద పోతున్న ఆయనెవరో ఆగి, జాలిపడి మంచినీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళారు.

మాస్టారికి ఇంట్లోనూ అదే తంతు. స్కూటరు తీసే ముందు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, టైర్లు తట్టి, "బ్రేకు సరే, అద్దం సరే, హారను సరే" అని పైకి చదువుతారట. వాళ్ళావిడ ఒకసారి నా కిటికీ దగ్గర గోడు వెళ్ళబోసుకుంది.

"మా చెల్లెలి పెళ్ళికి బయల్దేరామమ్మా. ఈయన తనిఖీ అయ్యేసరికి అక్కడ కుర్చీలు కూడా ఎత్తేశారు!"

ఓనరుగారికి ఇదంతా చూస్తే రక్తం మరిగిపోయేది. "మీటరు తిరక్కపోతే క్లబ్బెలా నడుస్తుందయ్యా? ఆ రెండో మాస్టారు నెలకి డెబ్బై గంటలు ఎగురుతున్నాడు. నువ్వు ఇరవై! గాల్లోకెళ్ళాలంటే భయమా నీకు?"

"భయమేనండీ," అనేవారు మాస్టారు తలొంచుకుని. మేమంతా నిజమే అనుకుని చాటుగా నవ్వుకునేవాళ్ళం.

అలాంటి రోజుల్లో టైలరక్క చేరింది. తొమ్మిదేళ్ళు బట్టలు కుట్టి కూడబెట్టిందంతా తెచ్చి ముందే కట్టేసింది. పరీక్షకి కూర్చోవాలంటే కనీసం నలభై గంటలు ఎగిరి ఉండాలి. ఆమె కట్టింది నలభై రెండు గంటలకి.

"నలభై మూడో గంటకి నా దగ్గర పైసా లేదు చెల్లీ," అంది నవ్వుతూ. మా దగ్గర అరవై దాటకుండా లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు అరుదు. ఆ ముక్క చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ముప్పై ఆరో గంటకి కూడా ఆమె దింపిన విమానం రన్‌వే మీద కప్పలా గెంతుతూనే ఉంది. "ఇంకో ఇరవై గంటలు పడుతుంది," అని తేల్చేశారు ఓనరుగారు. ఆమె ముఖం పాలిపోయింది. నా కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"మిగిలిన గంటల డబ్బు వెనక్కిస్తారా చెల్లీ?"

నేను నోరు తెరిచేలోపే మాస్టారు వెనకనుంచి అందుకున్నారు. "ఇవ్వరు. పద, కుర్చీ ఎక్కు."

మూడు వారాలు విమానం జోలికే పోలేదు. షాపు కట్టేసి సాయంత్రానికల్లా వచ్చేసి, ఆ కుర్చీలోనే రోజుకి ముప్పైసార్లు విమానం దింపేది.

"నేల చూడకు, రన్‌వే చివర చూడు. ఇప్పుడు లాగు. మెల్లగా! అదేమన్నా చీపురనుకున్నావా?"

"చీపురే కదా మాస్టారూ!"

ఆ నెల లెక్కలాయన సెలవు పెట్టడంతో జీతాల కాగితాలు నా చేతికొచ్చాయి. కుర్చీ మాస్టారి పేరుకెదురుగా పదకొండు గంటలే ఉన్నాయి. నేను హడావుడిగా షెడ్డుకి వెళ్ళాను.

"మాస్టారూ, కుర్చీలో చెప్పిన గంటలు రాయడం మర్చిపోయారు."

"కుర్చీకి మీటరెక్కడుందమ్మా?"

"అయితే ఆ గంటలకి మీకేమీ రాదా?"

"ఇంజను తిరిగితేనే నాకు డబ్బులు. అందుకని ఆ పిల్ల తొమ్మిదేళ్ళ కష్టం గాల్లో తగలెయ్యమంటావా? వెళ్ళి నీ రసీదులు చూసుకో."

ఇన్నేళ్ళుగా అందరి డబ్బూ మిగల్చడానికి ఈయన తన జేబుకే చిల్లు పెట్టుకుంటున్నారన్నమాట. పిరికివాడని నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

టైలరక్క నలభైకి తక్కువైన నాలుగు గంటలూ ఎగిరి, నలభై ఒకటో గంటలో పరీక్షకెళ్ళింది. చక్రాలు నేలకి ఎప్పుడు తగిలాయో పరీక్షాధికారికే తెలియలేదట. పాసయింది. ఓనరుగారు కూడా చప్పట్లు కొట్టారు.

మిగిలిన ఒక్క గంటకి ఆమె మాస్టారిని పక్కన, నన్ను వెనక కూర్చోబెట్టుకుని విమానం తీసింది. రెండేళ్ళుగా ఆకాశానికి రసీదులు రాస్తున్న నేను ఆకాశంలోకి వెళ్ళడం అదే మొదలు. భయం, సంతోషం ఒకేసారి ముంచుకొచ్చాయి. మాస్టారు మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. గంట కావస్తుంటే అక్క దించబోయింది.

"ఇంకో రౌండు వెయ్యమ్మా," అన్నారు.

"మీటరు తిరుగుతోంది మాస్టారూ!"

"తిరగనీ."

ఆ అదనపు పన్నెండు నిమిషాల అద్దె దిగగానే ఆయనే కట్టారు. నేను రసీదు రాస్తుంటే కిటికీలోంచి తల దూర్చి చూశారు.

"నా పేరు పక్కన ఏం రాశావ్?"

"మాస్టారు అని."

"కొట్టెయ్. మాస్టారంటే ఆ పిల్ల మీద నా ఫీజు పడుతుంది. ప్రయాణికుడు అని రాయి."