మామిడి తోటల దారిలో ఒక తాళం

మా అత్తగారు సుగుణమ్మకు మామిడిపండు ఇంట్లో కూర్చుని తినడం కంటే తోటలో చెట్టు కింద కూర్చుని తినడం ఇష్టం. ఆమె చెల్లెలు అమ్మణ్ణమ్మ ఉండేది చిత్తూరు అవతల, తోటలోనే. ప్రతి వేసవిలోనూ చెల్లెలు పిలుస్తుంది, ఈమె రేపూ మాపూ అంటుంది, కాయలు అయిపోతాయి. ఈసారి మాత్రం ఆమే నా వెంటపడింది. "ఆడవాళ్లకు బస్సు ఊరికే కదా రమా, ఇప్పుడు గూడా పోకపోతే ఇంకెప్పుడు పోతాం?" అంది. తిరుపతి నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ప్రయాణాల గురించి ఇక్కడ రాస్తుంటాను కదా, నాకూ ఒక వ్యాసం దొరుకుతుందనుకున్నాను. దొరికింది. నేను అనుకున్నది మాత్రం కాదు. దారి, వేళలు, ఖర్చులు ఎప్పటిలాగే సరిగ్గా రాస్తాను. వెళ్లేవాళ్లకు అవి పనికొస్తాయి.

పొద్దున ఆరున్నరకు తిరుపతి బస్టాండులో చిత్తూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్లు కొట్టి ఇచ్చాడు. మా అత్తగారు ఆ టికెట్టును దేవుడి ప్రసాదంలా కళ్లకద్దుకుని పర్సులో దాచుకుంది. డెబ్బై దాటిన మనిషి. గుడి సేవలో బతికిన ఇంటి కోడలు కాబట్టి ఇవాళ్టికీ మడి కట్టుకోనిదే పొయ్యి ముట్టించదు. ప్రయాణానికని పెట్టెలోంచి ఆకుపచ్చ పట్టుచీర తీసి కట్టుకుంది. చంద్రగిరి, పూతలపట్టు మీదుగా రెండు గంటల దారి. ఎండ ముదరకముందే వెళితే కొండలు చూడముచ్చటగా ఉంటాయి. ఇంట్లో పొంగలి తిని బయలుదేరాం కాబట్టి దారిలో ఖర్చేమీ లేదు.

చిత్తూరులో దిగేసరికి మేము ఎక్కాల్సిన పల్లెవెలుగు బస్సు కదలబోతోంది. తర్వాతి బస్సు గంటకు గానీ లేదన్నారు. పరుగున ఎక్కేశాం. అక్కడ ఆగి మా అత్తగారిని బాత్రూమ్‌కు తీసుకెళ్లాల్సింది. ఆమె బీపీకి పొద్దునే నీళ్ల మాత్ర వేసుకుంటుంది. ఆ మాత్ర వేసుకున్నవాళ్లకు గంట గంటకూ వెళ్లాల్సి వస్తుంది. ముక్కాలు గంటలో దిగిపోతాం కదా, అక్కడ చూసుకుందాం అనుకున్నాం ఇద్దరం.

ముక్కాలు గంట దారికి గంటన్నర పైన పట్టింది. జ్యూస్ ఫ్యాక్టరీ గేటు ముందు మామిడికాయల ట్రాక్టర్లు బంగారుపాళ్యం వైపు నుంచి వరసగా వచ్చి నిలబడి ఉన్నాయి. ఎండకు కాయలు వాడిపోతున్నాయి, కాయల మీదే గోనెపట్టలు పరుచుకుని రైతులు పడుకున్నారు. మా అత్తగారు ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని, నా చెవి దగ్గరకు వంగి, "ఒంటికి పోవాలమ్మా" అంది. నేను లేచి డ్రైవరు దగ్గరికి వెళ్లి ఎక్కడైనా ఒక్క నిమిషం దించమన్నాను.

"ఈడ దిగి యాడికి పోతారమ్మా? రెండు పక్కలా ట్రాక్టర్ల మొగోళ్లే ఉండారు. పెద్దామెను ఓర్చుకోమను. ఊళ్లో బస్టాండుకాడ ఆడోళ్లకని కొత్తది కట్టినారు, శానా బాగుండాది" అన్నాడు డ్రైవరు. పాపం, అతను మంచిగానే చెప్పాడు.

ఆ ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఊరొక్కటే అట్లా ఉందని మీరు అనుకుంటారు. చిన్న మున్సిపాలిటీ. పదిన్నర కావస్తుండగా బస్టాండులో దిగాం. డ్రైవరు చెప్పింది నిజమే. ఎదురుగా గులాబీరంగు భవనం, గోడ మీద నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ, మెట్ల పక్కన నల్లరాతి పలక. పలక నిండా దాన్ని ప్రారంభించిన పెద్దల పేర్లు, హోదాలు. తలుపుకు మాత్రం నా గుప్పెడంత ఇత్తడి తాళం. మా అత్తగారు ఆ తాళాన్ని చూసింది. మెట్టు మీద కూర్చుని కొంగు ఒళ్లోకి లాక్కుంది.

ఆ మెట్ల పక్కనే ఒకామె మల్లెపూలు, కనకాంబరాలు కడుతూ కూర్చుని ఉంది. పేరు మునెమ్మ. పక్కన పూల మీద చల్లుకోవడానికి ప్లాస్టిక్ బిందెతో నీళ్లు. తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగితే తల ఎత్తకుండానే నవ్వింది.

"కట్టినప్పటినుంచి ఈ మెట్లకాడే కూసోనుండా. బయట ఎట్లుంటాదో నాకు బాగా తెలుసు. లోపల ఎట్లుంటాదో తెలీదు" అంది. "మరి నువ్వు ఎక్కడికి వెళతావు?" అంటే, "పొద్దున ఇంట్లో కాఫీ తాగొస్తా. మళ్లా రాత్రి ఇంటికి పోయినాకే నీళ్లు. పోయినేడు మూత్రంలో చీమొచ్చి ఆసుపత్రిలో పడినా. నీళ్లు బాగా తాగు, నీళ్లు బాగా తాగు అంటాది డాక్టరమ్మ. తాగినాక యాడికి పోయేది, అది మాత్రం సెప్పదు" అంది.

ఎదురుగా ఉన్న రెండు హోటళ్లలో అడిగాను. ఆడవాళ్లకు లేదన్నారు. రెండో హోటలతను మొహం కూడా ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయి గట్టిగా అరిచాను. ఆ అరుపులు విని టీ అంగడి రెడ్డెప్ప అనే ఆయన వచ్చి, అంగడి భార్యకు అప్పజెప్పి, మోపెడ్ బయటికి తీశాడు. "రండి మేడమ్, మున్సిపల్ ఆఫీసుకు పోదాం. ఆ తాళం కోసరం నేనూ శానా దూరమే తిరిగినాను" అన్నాడు. మునెమ్మ మా అత్తగారి వైపు జరిగి కూర్చుని, "నువ్వు పో అక్కా, పెద్దామెను నేను సూసుకుంటా" అంది.

ప్రయాణ వ్యాసాల్లో చూడదగ్గ ప్రదేశాలు రాయడం ఆనవాయితీ కాబట్టి, మోపెడ్ మీద పోతూ నేను చూసినవి రాస్తున్నాను. మొదటిది పార్కు. గేటుకు తాళం, లోపల ఉయ్యాల గొలుసులకు పాకిన కాకరతీగ. రెండోది అంగళ్ల సముదాయం. షట్టర్లన్నీ తుప్పుపట్టాయి, వరండాలో మేకలు పడుకున్నాయి, కూరగాయల వాళ్లు మాత్రం దాని ముందు రోడ్డు మీద ఎండలో కూర్చుని అమ్ముకుంటున్నారు. మూడోది నీళ్ల ట్యాంకు. అది ఒక్కరోజు నిండిందట, ప్రారంభించిన రోజు. రెడ్డెప్ప ఒక్కొక్కటీ చూపిస్తూ ఎవరి హయాంలో కట్టారో, ఎవరు పట్టించుకోలేదో చెబుతూనే ఉన్నాడు.

"మీరెవరూ అడగలేదా?" అన్నాను.

"అడగకేం మేడమ్! సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారు గదా, ఈ టాయిలెట్ గురించి మూడుసార్లు ఇచ్చినాను. మూడుసార్లూ నా ఫోనుకు మెసేజి వచ్చినాది, మీ సమస్య పరిష్కరించబడినది అని. ఫోన్లో మా ఊరు శానా బాగుండాది. ఊర్లోనే బాగలేదు" అన్నాడు.

మున్సిపల్ ఆఫీసులో ఫ్యాన్ల కింద కుర్చీలు ఉన్నాయి, మనుషులు లేరు. అటెండరు మమ్మల్ని వార్డు సచివాలయానికి పొమ్మన్నాడు. అక్కడి అమ్మాయి, తాళం శానిటరీ ఇన్‌స్పెక్టరు దగ్గర ఉంటుందనీ, ఆయన చెత్తబండ్ల షెడ్డు దగ్గర ఉన్నాడనీ చెప్పింది. నేను కాళ్లకు బలపం కట్టుకుని తిరుగుతున్నాను గానీ మనసంతా ఆ మెట్ల మీదే ఉంది. షెడ్డు దగ్గర ఇన్‌స్పెక్టరు దొరికాడు. చిన్న వయసువాడు, ఇస్త్రీ చొక్కా, మర్యాదగా మాట్లాడాడు. అరిచి పోట్లాడేవాడైతే బాగుండేది.

"తాళం నాకాడే ఉండాది మేడమ్. టీమ్ వస్తాదని వేసి పెట్టినాం. పరిశుభ్రతకు మార్కులు వేసే టీమ్. వాళ్లు ఎప్పుడొస్తారో చెప్పరు, కాబట్టి ఎప్పుడూ క్లీన్‌గా ఉండాల" అన్నాడు.

"ఎవరూ వాడకపోతే క్లీన్‌గానే ఉంటుంది. అది కట్టింది వాడటానికి కాదా?"

"వాడితే ఏమవుతాదో మీకు తెలీదా మేడమ్? కడిగేదానికి ఒక్క మనిషిని కూడా ఇయ్యలేదు. పాడైతే సస్పెండ్ అయ్యేది నేను. ఇదిగో సూడండి" అని ఫోను నా చేతికిచ్చాడు. అద్దంలా మెరిసే తెల్లటి పలకలు, వరుసగా కొత్త కుళాయిలు, గోడకు సబ్బు డబ్బా. ప్రతి వారమూ ఫొటో తీసి పైకి పంపుతారట.

"టీమ్ వచ్చి వెళ్లాక తెరుస్తారా?"

ఆయన ఫోను వెనక్కి తీసుకున్నాడు. "మళ్లా ఏడు ఇంకో టీమ్ వస్తాది గదా మేడమ్" అన్నాడు.

ఊళ్లో ఆడవాళ్లు మొత్తం పన్నులు కట్టి, ఒక ఫొటో కోసం గది కట్టించుకున్నారు. తిరుపతి నుంచి వచ్చామనీ, పెద్దావిడ బస్టాండులో ఇబ్బంది పడుతోందనీ మళ్లీ చెప్పాను. "మీరు చదువుకున్నోళ్లు, ఆమె పెద్దామె, ఈ ఒక్కసారికి తీయిస్తాను" అని ఒక మనిషిని పిలిచి తాళంచెవి ఇచ్చాడు. మేము తిరుపతి వాళ్లం. దర్శనానికి సిఫారసులు అడిగే చుట్టాలు మాకు అలవాటే. దీనికి కూడా సిఫారసు కావాలని ఆ రోజే తెలిసింది. అయినా సిగ్గు చంపుకుని థాంక్స్ చెప్పాను. ఆ థాంక్స్ చెప్పినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం.

మేము తిరిగి వచ్చేసరికి దాదాపు గంట అయింది. బస్టాండులో మునెమ్మ గొంతు దూరం నుంచే వినిపిస్తోంది. "అయ్యో నా సేతులు ఇరగ! కళ్లు కనపడ్లేదే నాకు! పెద్దామె పట్టుచీరంతా తడిపేసినానే!" అని తలబాదుకుంటోంది. బిందె మెట్ల మీద బోర్లా పడి ఉంది. మా అత్తగారు నడుము కింద నుంచి పాదాల దాకా తడిసి, నీళ్ల మధ్యలో కదలకుండా కూర్చుని ఉంది. బస్టాండు అరుగు మీద కూర్చున్న మగవాళ్లు మునెమ్మను చూసి నవ్వుతున్నారు. "కొంచెం సూసుకోని పనిచెయ్యబ్బా" అని ఒకాయన సలహా కూడా ఇచ్చాడు.

నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు. మునెమ్మ మీద కోప్పడబోయాను. మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని, కళ్లు పైకెత్తకుండా, "ఆమెనేమీ అనొద్దు రమా. నాకు ఆగలేదు. ఆమె చూసింది. బిందె ఎత్తి నా మీద పోసేసింది" అంది, నాకు మాత్రమే వినపడేట్టు. అక్కడే ఏడ్చేశాను.

ఇన్‌స్పెక్టరు పంపిన మనిషి వచ్చి తాళం తీశాడు. ఫినాయిల్ వాసన, తెల్లటి వెలుగు. నేను మా అత్తగారి భుజం పట్టుకుని లేపబోతే ఆమె లేవలేదు. "నాకు ఇంక దేనికి? మునెమ్మా, నువ్వు పోమ్మా" అంది. మునెమ్మ పూలబుట్ట నాకిచ్చి, చెప్పులు బయటే విడిచి, గుళ్లోకి పోయినట్టు లోపలికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. ఆ మనిషి రెండుసార్లు తలుపు తట్టాడు. మొహం కడుక్కుని, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "నీళ్లు జోరుగా వస్తాండాయి అక్కా" అంది. ఆమె వెనకే అతను నేల తుడిచి, ఫోనుతో ఫొటో తీసుకుని, మళ్లీ తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

అక్కడి నుంచి తోటకు షేర్ ఆటో, మనిషికి ఇరవై రూపాయలు. దారిలో ఎండకు చీర ఆరింది గానీ పట్టు మీద మరక పడిపోయింది. "ఏంటక్కా, చీరకు ఈ మరకేంది?" అని అమ్మణ్ణమ్మ అడిగితే, "పూలామె నీళ్లు ఒలకబోసింది" అని మా అత్తగారు తడుముకోకుండా చెప్పింది. వెంటనే బావి దగ్గరికి వెళ్లి తలారా స్నానం చేసి, చెల్లెలి చీర కట్టుకుంది. బేనీషా పండ్లు కోసి పెట్టారు. నేను రెండు తిన్నాను. ఆమె చెట్టు కిందే కూర్చుంది గానీ ఒక్క ముక్కైనా నోట్లో పెట్టలేదు. పండు తింటే దాహం వేస్తుందట. సాయంత్రం ఐదింటి బస్సుకు బయలుదేరి తొమ్మిదిన్నరకు ఇంటికి చేరాం. అంతసేపూ ఆమె గొంతు తడుపుకోలేదు.

ఇది జరిగి చాలా రోజులైంది. మా అత్తగారు ఆ తర్వాత బస్సెక్కలేదు. అలిపిరి దాకా రమ్మన్నా ఏదో ఒక సాకు చెబుతుంది. ఆ సున్నా టికెట్టు ఇంకా పర్సులోనే ఉంది. ఇదంతా రాయాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే, "రాయి. నా పేరు గూడా రాయి. సిగ్గుపడాల్సింది నేను కాదు గదా" అంది. అందుకే రాశాను. ఆ నల్లరాతి పలక మీద ఉన్న పేర్లలో ఒక్కరూ ఆ మెట్ల మీద కూర్చోలేదు. కూర్చున్నదల్లా మునెమ్మ, ఆ రోజు మా అత్తగారు. ఊరి ఆస్తి ఊరిది అంటారు, తాళంచెవి మాత్రం ఊరి దగ్గర ఉండదు. రెడ్డెప్ప నాలుగో అర్జీ పెట్టాడట. మెసేజి వచ్చిందని మొన్న ఫోన్ చేసి చెప్పాడు.

ఈ దారిలో వెళ్లే ఆడవాళ్లకు ఒక సలహా: చిత్తూరులో బస్సు తప్పిపోయినా ఫర్వాలేదు, అక్కడ బాత్రూమ్‌కు వెళ్లాకే ఎక్కండి. సంచిలో ఒక చీర, పెద్ద సీసాతో నీళ్లు తప్పకుండా పెట్టుకోండి. ఆ నీళ్లు తాగడానికి కాదు.