ఇరవయ్యారు మాస్టారు

మా సైన్సు మాస్టారి లెక్కలో మనుషులు రెండే రకాలు. ఏసీని ఇరవయ్యారు డిగ్రీల దగ్గర పెట్టుకునేవాళ్ళు, పాపాత్ములు. మధ్యరకం ఆయనకు తెలియదు. మిగతా మాస్టర్లు జేబులో పెన్ను పెట్టుకుంటే ఈయన థర్మామీటరు పెట్టుకునేవారు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు దాన్ని తీసి చూసి, ఆ తరవాతే మనుషుల్ని పలకరించేవారు. అంకె ఇరవయ్యారు కన్నా తగ్గితే ఆ పలకరింపు కూడా ఉండేది కాదు. పిల్లలం ఆయనకు ఇరవయ్యారు మాస్టారని పేరు పెట్టాం. అది తెలిసి ఆయన నొచ్చుకోలేదు సరికదా, మురిసిపోయారు.

మా హెడ్మిస్ట్రెస్ మేడమ్ నడివేసవిలో తన గదిలో శాలువా కప్పుకుని కూర్చునేవారు. ఆవిడ ఏసీ పద్దెనిమిదిలో ఉండేది మరి.

"మేడమ్, శాలువా ఉందని ఏసీ వేశారా, ఏసీ ఉందని శాలువా కొన్నారా?" అని అడిగారట మాస్టారు.

"మీకు క్లాసు లేదా?" అన్నారట ఆవిడ.

"ఉంది మేడమ్. ఇదే పాఠం."

ఆ రోజు నుంచి ఆయనతో ఏ పని పడినా మేడమ్ కాగితం మీద రాసి పంపేవారు.

పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి పడుకున్న మనిషి ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. చెయ్యెత్తి వేళ్ళతో ముందు రెండు, తరవాత ఆరు చూపించారు. డాక్టరు పాపం ఇరవయ్యారో పన్ను కూడా నొప్పేమోనని దాన్నీ తట్టి చూశాడు. నోట మాట వచ్చాక మాస్టారు ఆయనకు భూమి ఎలా వేడెక్కుతోందో ముప్పావుగంట చెప్పారు. బయట దవడలు వాచినవాళ్ళు ఆరుగురు కూర్చుని ఉన్నారు. భూమి సంగతి తేలేదాకా వాళ్ళ దవడలు ఆగాల్సివచ్చింది.

డాక్టరు మారలేదు గానీ తొమ్మిదో తరగతి పిల్లలం దొరికాం. భూమిని కాపాడే పని మాకు అప్పజెప్పారు. ఇంట్లో ఏసీ రోజుకి ఎన్ని గంటలు వేశారో, ఎంతలో పెట్టారో పట్టిక రాసి వారం వారం చూపించాలి. తగ్గించినవాళ్ళకు మార్కులు. ఆదివారాలు చెప్పాపెట్టకుండా ఎవరో ఒకరి ఇంటికి తనిఖీకి వచ్చి, సోమవారం ఆ నివేదిక క్లాసులో పైకి చదివేవారు. "ఈ ఇంట్లో మనుషులు లేని గదిలో ఏసీ నడుస్తోంది. సోఫాకి ఉక్కపోస్తోంది కాబోలు." ఇలా ఉండేవి అవి. క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, వచ్చే ఆదివారం మా ఇల్లు కాకూడదని మొక్కుకుంటూ. మా ఇంట్లో ఏసీ లేదు.

లేదని రాయడానికి సిగ్గేసింది. అందరికీ ఉందని, నాకొక్కదానికే లేదని నా నమ్మకం. పైగా వెనక బెంచీ పొడుగుజడ, వాళ్ళింట్లో రెండున్నాయని రోజూ నా చెవులు ఊదరగొట్టేది. అందుకని నా పట్టికలో దర్జాగా రోజుకి మూడు గంటలు, ఇరవయ్యారు అని నింపేదాన్ని. లేని ఏసీని అంత పొదుపుగా వాడిన ఘనత నాదే.

ఒక ఆదివారం కిటికీలోంచి చూస్తే మాస్టారు మా వీధి మలుపు తిరుగుతున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఊరెళ్తూ ఇంటికి తాళం వేస్తున్న పక్కింటి పిన్నిని బతిమాలి, వాళ్ళ ఏసీ రిమోటు తెచ్చి మా బల్ల మీద కనబడేలా పెట్టాను. రిమోటు కనబడితే ఏసీ ఎక్కడో ఉందనుకుంటారు కదా. అప్పటికి నా తెలివి అంతే.

మా ముందుగది అమ్మ కుట్టుమిషనుతో, బట్టల మూటలతో, నాయనమ్మ మంచంతో నిండిపోయి ఉండేది. మాస్టారు థర్మామీటరు తీశారు. ముప్పైమూడు. నాలుగు గోడలూ చూశారు. కిటికీకి కట్టిన తడిబట్ట దగ్గర కాసేపు నిలబడి మళ్ళీ కొలిచారు. చివరికి రిమోటు చేతిలోకి తీసుకున్నారు.

"అది పక్కింటి వాళ్ళది కదే?" అంది నాయనమ్మ, తాపీగా నా కొంప ముంచుతూ.

అమ్మ మిషను ఆపింది. నేను తలొంచుకున్నాను. మాస్టారు ఏమీ విననట్టే రిమోటు తిరగేసి, మూత తీసి, బ్యాటరీలు రెండూ జేబులో వేసుకున్నారు.

"ఏసీని వాడాల్సిన పద్ధతి ఇదమ్మా," అన్నారు అమ్మతో. "ఈ తడిబట్ట ఎవరి ఆలోచన?"

"నాదే బాబూ. మధ్యాహ్నం రెండుసార్లు తడుపుతాను," అంది నాయనమ్మ.

ఆయన పుస్తకం తీసి రాసుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున కడుపునొప్పి అన్నాను. అమ్మ నమ్మలేదు. మాస్టారు నా పట్టిక పట్టుకుని లేచేసరికి నిజంగానే వచ్చింది.

"ఈ ఇంట్లో చాలాసేపు కూర్చున్నాను. ఏసీ ఒక్క నిమిషం నడవలేదు. గది మధ్య ముప్పైమూడు, తడిబట్ట పక్కన ముప్పై ఒకటి. రెండు డిగ్రీలు తగ్గించిన శాస్త్రవేత్త వయసు డెబ్బైనాలుగు. ఈ పిల్ల మూడు గంటలని తప్పు రాసింది. సున్నా అని దిద్దాను. సున్నాకి పదికి పది."

ఎవరూ నవ్వలేదు. వెనకనుంచి పొడుగుజడ నా భుజం తట్టి, "బట్ట పల్చగా ఉండాలా, మందంగా ఉండాలా?" అని అడిగింది.

మర్నాడు పీరియడ్ మొదలవకముందే ఐదుగురు పట్టికలు పట్టుకుని ఆయన బల్ల చుట్టూ చేరారు. "మేమూ తప్పు రాశాం మాస్టారూ," అన్నారు. ఐదుగురివీ సున్నాలే. అందులో రెండు ఏసీల పొడుగుజడ కూడా ఉంది. మాస్టారు ఒక్క ప్రశ్న అడగకుండా అందరికీ పదికి పది వేశారు. ఆయన అంతవరకూ ఎగతాళి చేసిన ఇళ్ళలో ఏసీ లేని ఇల్లు ఒక్కటీ లేదని అప్పుడు తట్టింది నాకు. ఆయన మీద పట్టలేనంత ప్రేమ కలిగింది.

ఆ ప్రేమ సాయంత్రం దాకా నిలిచింది. ఇంటికి వెళ్తే ఊరినుంచి వచ్చిన పిన్ని పేపరుతో విసురుకుంటూ మా గుమ్మంలో నిలబడి ఉంది.

"రిమోటులో బ్యాటరీలు ఏవే?"

మర్నాడు చేతులు నలుపుకుంటూ మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

"మాస్టారూ, పిన్ని బ్యాటరీలు అడుగుతోంది."

ఆయన జేబులోంచి రెండూ తీసి, అరచేతిలో పెట్టుకుని చూసి, మళ్ళీ జేబులో వేసుకున్నారు.

"ఎంతలో పెడుతుందో కనుక్కుని రా."