ఉక్కు పళ్లా, పింగాణీ పళ్లా

మా అన్న హార్డ్‌వేర్ అంగడి వెనక రేకుల షెడ్డులో నాన్న లేత్ మిషన్ ఉండేది. దాని మీద ఆయన చపాతీ కర్రలు, మంచం కోళ్లు తిప్పేవాడు. చేయి పట్టి నేర్పింది నాకు. అన్నకు ఆ పొట్టు, దుమ్ము చూస్తేనే చిరాకు. నాన్న పోయాక అంగడి అన్న చేతికి వచ్చింది. నేను రోజూ పక్క సందులోంచి షెడ్డుకు వెళ్లి పని చేసుకునేదాన్ని. మాకు మాటలు తక్కువ. ఉన్నవి కూడా గొడవలే.

మా ఊరి దగ్గరి సోలార్ పార్కు గెస్ట్‌హౌస్‌లో ఉండే ఒక ఇంజినీరు అంగడికి వచ్చి, కొయ్యతో మిరియాల మర చేసిస్తారా అని కన్నడంలో అడిగాడు. పైన తల తిప్పితే లోపలి కడ్డీ తిరగాలి, అడుగున ఉన్న పళ్ల బిళ్లల మధ్య మిరియాలు నలిగి కిందికి రాలాలి. ఆమ్లెట్ మీద బరకగా పడాలన్నాడు. నేను ఒప్పుకున్నాను. బలసముద్రంలో ప్యానెళ్ల కోసం పొలాలు చదును చేసినప్పుడు కొట్టేసిన చింతచెట్టు మొద్దు ఒకటి నా దగ్గర బాగా ఎండి ఉంది.

మరకు పై కొయ్య కంటే లోపలి పళ్లే ముఖ్యం. అవి చేతికి వస్తేగాని బెజ్జం ఎంత వెడల్పు వేయాలో తెలియదు. బెంగళూరు నుంచి ఉక్కుది ఒకటి, పింగాణీది ఒకటి తెప్పించి రెండింటిలోనూ మిరియాలు వేసి తిప్పి చూశాను. పింగాణీ తుప్పు పట్టదు గాని గింజను మెత్తగా నలిపేసింది. ఉక్కు పళ్లు గింజను పట్టుకుని కోశాయి. ఘాటు ముక్కుకు కొట్టింది. ఉక్కుకే సరిపోయేలా బెజ్జం వేసి, మరను నున్నగా తిప్పి పక్కన పెట్టాను.

అన్న వచ్చి చూశాడు. "పింగాణీది పెట్టు. తుప్పు పట్టిందని ఆయప్ప నా అంగడి ముందర నిలబడితే జవాబు ఎవరు చెప్పేది?"

"నేను చెప్తా. బరకగా కావాలని అడిగినాడు ఆయన."

"నీకేం తెలుసు యాపారం? పింగాణీవి పెట్టె నిండా తెప్పించినా. వాటినేం చేసేది?"

"నన్నడిగి తెప్పించినావా? నీ నెత్తిన పెట్టుకో."

మర్నాడు నేను అరసికెరెలో చుట్టాలింటి పెళ్లికి వెళ్లాను. తిరిగి వచ్చి షెడ్డు తలుపు తీస్తే, మర లేత్‌కే బిగించి ఉంది. పింగాణీ బిళ్ల పట్టేలా బెజ్జం వెడల్పు చేయబోయాడు అన్న. ఉలి తగులుకుని, అడుగు నుంచి నడుము దాకా కొయ్య చీలింది.

అంగట్లో అన్న టీ తాగుతున్నాడు. చీలిన మర తెచ్చి ముందు పెట్టాను.

"ఎవరు చెప్పినారు నిన్ను దీన్ని ముట్టుకోమని?"

"చెట్టే మంచిది కాదు మే. ఊరికే పగిలింది."

నాకు ఏడుపు రాలేదు. ఆయన చేతిలోని గ్లాసు లాగి రోడ్డు మీదికి విసరాలనిపించింది. బయటికి వెళ్లి లగేజీ ఆటో పిలిచాను. ఆటో మనిషితో కలిసి లేత్ బోల్టులు విప్పుతుంటే అన్న తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"యాడికి తీసకపోతావు? అది నాయన మిషను."

"నాయనదే. నీది కాదు."

అప్పుడు వదిన అంగడి లోపలి నుంచి వచ్చింది. నా వైపు చూడనైనా లేదు. "పోనీండి. షెడ్డు ఖాళీ అయితే సిమెంటు మూటలు పెట్టుకోవచ్చు" అంది.

అన్న వెంటనే పక్కకు తప్పుకున్నాడు. నా మాటకు కదలనివాడు సిమెంటు మూటలకు కదిలాడు. ఆ కోపం నాకు ఈ రోజుకూ చల్లారలేదు.

లేత్‌ను మా ఇంటి వసారాలో బిగించుకున్నాను. మొద్దులో మిగిలిన ముక్కతో ఇంకో మర తిప్పి, ఉక్కు పళ్లు పెట్టాను. ఇంజినీరు ఇంటికి వచ్చి, అరచేతిలోకి నాలుగు గింజలు తిప్పుకుని నాలుకకు రాసుకున్నాడు. బాగుందన్నాడు. తుప్పు పట్టకుండా ఉండాలంటే కడగొద్దనీ, అందులో ఉప్పు పోయొద్దనీ చెప్పి పంపాను. తర్వాత ఆయన తోటివాళ్లు కూడా వచ్చి చేయించుకున్నారు.

మా అన్న అంగడికి సరిగ్గా ఎదురుగా ఇంకో హార్డ్‌వేర్ అంగడి ఉంది. కొయ్య రుద్దే ఉప్పుకాగితమైనా, మేకులైనా అక్కడే కొంటాను. అన్న గల్లా దగ్గర కూర్చుని ఉన్నప్పుడు చూసుకుని మరీ వెళ్తాను.