మాస్టారి పిస్తోలుకు వాననీళ్లు

మా డ్రిల్లు మాస్టారు పోయారు. రెండు వారాల కిందటి శుక్రవారం డ్రిల్లు పీరియడుకు మేమంతా మైదానంలో వరసలు కట్టి నిలబడి ఉంటే, ఆయనకు బదులు హెడ్మాస్టరుగారు నడిచి వచ్చారు. తెల్లవారుజామున నిద్రలోనే ప్రాణం పోయిందనీ, బాధేమీ పడలేదనీ చెప్పారు. "ఇళ్లకు వెళ్లండి" అన్నారు. ఒక్కరమూ కదలలేదు. ఆ మైదానంలో మమ్మల్ని కదలమని చెప్పే గొంతు అది కాదు. చాలాసేపటికి వెనక వరసలోంచి ఎవరో సన్నగా "డిస్మిస్" అన్నారు. అప్పుడు విడిపోయాము.

ఈ లిఖిత పత్రిక చదివే పాత విద్యార్థులకు ఆయనను పరిచయం చేయనక్కరలేదు. మార్కాపురం హైస్కూలులో చదివినవారి వీపులు కాస్త నిటారుగా ఉన్నాయంటే అది ఆయన చలవే. కొత్తగా చేరినవారి కోసం చెబుతాను. ఆయన పెద్ద యుద్ధంలో బస్రా దాకా వెళ్లి వచ్చిన మనిషి. ఎడమ చెవి అక్కడే వదిలేసి వచ్చానని చెప్పేవారు. చెవి ఉంది, వినికిడి లేదు. అందుచేత ఆయన మాట ఎప్పుడూ కేకే. మైదానంలో ఎవణ్ణయినా పక్కకు పిలిచి రహస్యంగా మందలిస్తే, లెక్కల క్లాసులో కూర్చున్న మేము కూడా ఆ రహస్యం వినేవాళ్లం.

జేబులో ఎప్పుడూ వేయించిన శెనక్కాయలు ఉండేవి. పందెంలో గెలిచినవాడికి చప్పట్లు, ఆఖరున వచ్చినవాడికి శెనక్కాయలు. "ఓడినోనికే ఆకలి ఎక్కువ రా" అనేవారు. నేను చాలాసార్లు ఆ శెనక్కాయలు తిన్నాను.

ఆయన దగ్గర ఒక పిస్తోలు ఉండేది. పటాలంలో ఆయన పైఅధికారిగా ఉన్న దొర స్వదేశం పోతూ ఇచ్చి వెళ్లినది. లైసెన్సు ఉంది. ఏటా ఆటల పోటీలనాడు గుండు లేని మందు తూటా పెట్టి ఆకాశంలోకి పేల్చి పరుగు పందెం మొదలుపెట్టేవారు. గిద్దలూరు, దొనకొండ పిల్లలు మా పోటీలకు రావడానికి సగం కారణం ఆ చప్పుడే. కాని ఆయన లెక్క వేరు. "ఉరికేటోనికి కావాల్సింది చప్పుడు కాదు రా. చప్పుడుకు ముందర ఉండే నిశ్శబ్దం. కాలికి బలం వచ్చేది దాంట్లోనే" అనేవారు.

రెండేళ్ల కిందటి దసరా నాకు బాగా గుర్తు. సెలవులకు ఊరు పోలేని కొందరం మహర్నవమి నాడు డ్రిల్లు షెడ్డులో ఆయుధ పూజకు చేరాము. డంబెల్సు, కర్రలు, ఫుట్‌బాలుకు గాలి కొట్టే పంపు అన్నీ కడిగి బల్ల మీద పేర్చాము. మా తెలుగు పండితులవారు అన్నిటినీ ఒకసారి చూసి, "అసలైన ఆయుధం రాలేదేం?" అన్నారు. మాస్టారు ఇంటికి వెళ్లి పిస్తోలు తెచ్చి మధ్యలో పెట్టారు. గంధం పూశాము. కుంకుమ తడిపి బొట్లు పెట్టాము. సగం కోసిన నిమ్మకాయను కుంకుమలో అద్ది సరిగ్గా గొట్టం మీదనే ఉంచాము.

హారతి అయ్యాక ఎవరో, "సార్, ఇనుము గదా. తుడిచి పెడదామా?" అన్నారు.

"అమ్మవారి బొట్టు రా అది! తుడిచేదానికి మనమెవరం? దశమి పూజ అయ్యేదాకా దేన్నీ కదపగూడదు" అన్నారు మాస్టారు. పటాలంలో ఆయుధాన్ని ఎలా చూసుకోవాలో ఆయనకు తెలియనిది కాదు. పూజలో ఉన్నంతసేపు అది ఆయన కంటికి ఆయుధం కాదు, అంతే.

మర్నాడు నిమ్మచెక్క తీసి చూస్తే, రసం కారిన చోటల్లా పాత నల్లదనం లేచిపోయి తెల్లటి ఇనుము బయటపడింది. దాని చుట్టూ ఎర్రటి మచ్చలు. ఏది కుంకుమో ఏది తుప్పో తెలియలేదు. మాస్టారి భార్యను మేము అమ్మగారు అంటాము. ఆమె తొంగిచూసి, "అమ్మవారు బొట్టు బాగా గట్టిగానే పెట్టినట్టుందే" అన్నారు. మాస్టారు మాత్రం నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది. సంవత్సరం చివర లైసెన్సు పొడిగించుకోవడానికి పిస్తోలు తీసుకుపోయి పోలీసు ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు తుప్పు పట్టిన తుపాకులను పనికిరావని రాసి స్టేషనులో పెట్టించుకుంటున్నాడు. హనుమంతునిపాడు దగ్గర ఒక పెద్దరైతు తుపాకి అలాగే పోయింది. "పోతే పోయింది, విజిలు ఊదుకోవచ్చు" అని మా హెడ్మాస్టరుగారు మంచి మనసుతోనే అన్నారు. మాస్టారు, "అది పోతే నేను యుద్ధానికి పోయొచ్చినానని చెప్పేదానికి ఏముంది సార్, ఈ చెవుడు తప్ప?" అన్నారు.

తుప్పు గీకి ఏదో ఒక పూత వేయించాలని అందరూ అన్నారు. ఏ పూత అన్నదే తగాదా. బడి ఎదుట సైకిలు దుకాణం సాహెబు వచ్చి, "సైకిళ్లకేసే నల్లరంగు ఉంది మాస్టారూ. ఏసి, వేడి మీద కాల్చి ఇస్తా. మీ మనవళ్ల దాకా ఉంటది" అన్నాడు.

"నాకు కొడుకులే లేరు. మనవళ్లు యాడ నుంచి వస్తారు?"

"అయితే మా మనవళ్ల దాకా ఉంటది, ఏమాయె!"

రంగు మందంగా ఉంటుంది, కదిలే భాగాల్లో ఇరుక్కుంటుంది, తోలుసంచి రాపిడికి పెచ్చులు లేస్తుంది అని మాస్టారు ఒప్పుకోలేదు. పండితులవారు మదరాసు పంపి నికెలు పూత వేయించమన్నారు. వెండిగిన్నెలా ధగధగలాడుతుందన్నారు. మాస్టారు దానికీ తల అడ్డంగా ఊపారు. "పూత అనేది ఇనుముకు తొడిగిన చొక్కా పంతులుగారూ. యాడో చిన్న చిల్లు పడుతుంది. పైన మెరుస్తానే ఉంటది, లోపల తుప్పు తింటానే ఉంటది. మనకు తెలిసేసరికి అయిపోతది."

ఆయన ఎంచుకున్నది పటాలంలో చూసిన పద్ధతి. తుప్పు పట్టిన ఇనుము మీద మళ్లీ మనమే తుప్పు పట్టించడం! "తుప్పుకు తుప్పే కాపలానా సార్?" అని అడిగాను.

"పిలవకుండ వచ్చే తుప్పు వేరు, మనం పిలిస్తే వచ్చే తుప్పు వేరు. పిలిచినదాన్ని పల్చగా రానిచ్చి నీళ్లల్లో ఉడకబెడితే నల్లబడి ఇనుమును కరుచుకుంటది. పైన లేచిన పొడిని రుద్దేయాల. మళ్లీ పిలవాల, మళ్లీ ఉడకబెట్టాల. అట్ల చేస్తా పోతే అది చొక్కా కాదు రా, తోలు."

పని మొదలైంది. పలకల కార్ఖానా నుంచి మెత్తటి పలకపొడి తెచ్చి, గుడ్డలో జల్లించి, నూనెతో కలిపి పాత తుప్పంతా రుద్దాము. కుంకుడు రసంతో జిడ్డు వదిలించే పని అమ్మగారు తీసుకున్నారు. "పెండ్లయిన కాడి నుంచి నాకు ఒక్కసారి తలంటు పోసినావా? ఇప్పుడు నీ పిస్తోలుకు నేను పోయాల!" అంటూనే పోశారు. ఆ తర్వాత దాన్ని వేలితో తాకకూడదు, చెమట తగిలిన చోట మచ్చ పడుతుంది. గొట్టంలో కొయ్యపుల్ల దూర్చి పట్టుకుని, ఆసుపత్రి కాంపౌండరు ఇచ్చిన ఘాటు మందును మాస్టారు దూదితో పల్చగా అద్దారు.

ఇక తుప్పు రావాలి. అది రాలేదు! దసరాకు అడగకుండా వచ్చిన తుప్పు, పిలిస్తే రాలేదు. మా ఊరి గాలిలో తడి ఏది? ఉతికిన బట్ట పిండి ఆరేసే లోపల ఆరిపోయే ఊరు ఇది. "బెట్టు చేస్తాంది సార్" అన్నాము. చివరకు అమ్మగారే నీళ్లకుండల మూలన తడి గోనెపట్టాలు కట్టి, ఆ మధ్యలో వేలాడదీయమన్నారు. మర్నాటికి ఎర్రటి నూగు పరిచినట్టు తుప్పు వచ్చింది. తుప్పు వచ్చిందని చప్పట్లు కొట్టినవాళ్లు భూమి మీద మేమేనేమో.

ఉడకబెట్టడానికి గిన్నె కావలసి వచ్చింది. మాస్టారు అమ్మగారిని అడిగారు.

"పప్పుగిన్నెలోనా? అన్నం తినే ఇంట్లో తుపాకి ఉడకబెడతారా ఏందయ్యా?"

"కడిగి ఇస్తాలే."

"కడిగినాక దాంట్లో ఎవురు తింటారు? మీ పటాలమా?"

గిన్నె ఇచ్చారు. బావినీళ్లు పోసి ఉడికించాము. ఎరుపు నల్లగా మారింది కాని, దాని నిండా తెల్లటి చారలు. మా ఊరి నీళ్ల ఉప్పంతా ఇనుము మీద పేరుకుంది. మళ్లీ అంతా గీకి, ఇంకొక బావి నీళ్లు తెచ్చి చేశాము. మళ్లీ చారలే. అప్పుడు మాస్టారికి గుర్తొచ్చింది: పటాలంలో దీనికి వాననీళ్లు పట్టి ఉంచేవారట. అది విని సాహెబు, "మార్కాపురంలో వాననీళ్లా? అంతకన్నా నెయ్యి అడగండి, తొందరగా దొరుకుద్ది" అన్నాడు.

పిస్తోలును నూనెగుడ్డలో చుట్టి పెట్టి, అందరం ఆకాశం కేసి చూడసాగాము. మబ్బు వచ్చేది, నల్లమల మీదికి పోయేది. సంవత్సరాంతం దగ్గర పడుతోంది. మాస్టారు డ్రిల్లులో "కుడివైపు చూడు" అని చెప్పి తాను మాత్రం పైకి చూసేవారు. ఆ రోజుల్లో ఆయన కేక కూడా కొంచెం తగ్గింది. అది మాకు నచ్చలేదు.

ఒక మధ్యాహ్నం చరిత్ర క్లాసులో ఉండగా ముసురు దిగింది. కిటికీలో మాస్టారి ముఖం కనపడింది. "సార్, ఒక పది మందిని ఇయ్యండి!" అని ఆయన వేసిన కేక తాలూకా కచేరి దాకా వినపడి ఉంటుంది. బిలబిలమంటూ అందరం పరుగెత్తాము. అమ్మగారు ఉతికిన పంచెలు తెచ్చి ఇచ్చారు. ఒక్కో పంచెకు నలుగురం నాలుగు కొసలు పట్టుకున్నాము. మధ్యలో కడిగిన రాయి వేస్తే పంచె కిందికి వంగింది. ఆ వంపు కింద బిందె. మొదట పడిన నీళ్లు గుడ్డను కడిగినట్టు లెక్క, పారబోయమన్నారు. తర్వాతివి బిందెలోకి.

"అటెన్షన్! చేతులు దించొద్దు! తుమ్మినోడు రేపు మైదానం చుట్టూ ఉరకాల!" అని ఆయన మా మధ్య కవాతు చేస్తున్నారు. వానకు మీసాలు జారిపోయాయి. హెడ్మాస్టరుగారు వరండాలోకి వచ్చి, ఏదో అనబోయి, లోపలికి వెళ్లి గొడుగుతో వచ్చి, ఒక పంచె కొస పట్టుకుని వణుకుతున్న చిన్నవాడి మీద పట్టారు. నేను నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ తడవలేదు.

ఆ నీళ్లతో చేసిన పని చక్కగా కుదిరింది. పిలవడం, ఉడికించడం, రుద్దడం. ఒక్కో విడతకూ నలుపు లోతుగా దిగింది. ఆఖరున కుట్టుమిషను నూనె పట్టించి వెలుగులోకి తెచ్చినప్పుడు, ఆ రంగు ఏమిటో చెప్పమని మాస్టారు అడిగారు. నేను మాటల పిచ్చిలో కొత్తగా పడిన రోజులవి. ఏదో పెద్ద సమాసం చెప్పాను. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏందది? ఇంకోసారి చెప్పు" అన్నారు. రెండోసారి చెప్పడానికి సిగ్గేసింది. "తడిసిన పలక రంగు సార్" అన్నాను. "ఆఁ! అట్ల చెప్పు. ఇప్పుడు కనపడింది" అన్నారు. మాట అనేది ఎదుటివాడికి కనపడాలని నాకు చెప్పిన మొదటి మనిషి మా డ్రిల్లు మాస్టారు. ఆ తర్వాత ఏది రాసినా, ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటున్నట్టే ఉంటుంది.

ఇన్‌స్పెక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మదరాసులో ఏ షాపు పని?" అని అడిగాడట. "మా ఇంటి పప్పుగిన్నె షాపు సార్" అని చెప్పి వచ్చారు మాస్టారు. లైసెన్సు పొడిగించారు. ఆ ఏడూ, మరుసటి ఏడూ ఆయన చెయ్యి పైకెత్తి నిలబడితే మైదానమంతా ఊపిరి బిగబట్టింది. పోయిన నెల పోటీల్లో కూడా అంతే. నేను ఆ పందెంలోనూ ఆఖరున వచ్చాను.

లైసెన్సు ఉన్న మనిషి పోయాక ఆయుధం ఇంట్లో ఉండకూడదు. దినం అయిన మర్నాడు అమ్మగారు పిస్తోలును స్టేషనులో అప్పగించడానికి బయలుదేరితే, తోడుగా నేను వెళ్లాను. ఆమె దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన చెవుడు గురించి, తాను ఎన్నిసార్లు తిట్టినా ఆయనకు వినపడకపోవడం గురించి. ఒకచోట నవ్వారు కూడా. స్టేషనులో జవాను పిస్తోలు అందుకుని, ఒక్క మచ్చ లేదని మెచ్చుకుంటూ అంతటా తడిమి చూసి, బీరువాలో పెట్టబోయాడు.

"ఆగు నాయనా" అన్నారు అమ్మగారు. "ఇట్ల ఇయ్యి ఒకసారి."

అతను ఇచ్చాడు. ఆమె బల్ల మీద దాన్ని కొంగుతో పట్టుకుని, అతని వేళ్లు ఆనిన చోటల్లా నెమ్మదిగా తుడిచారు. గొట్టం, పిడి, మళ్లీ గొట్టం. జవాను తొందరపెట్టలేదు. తుడవడం అయ్యాక, చేత్తో ముట్టకుండా కొంగుతోనే ఎత్తి, ఆమే బీరువాలో పెట్టారు.

బయట ఎండ కాస్తోంది. తెల్లటి కొంగు మీద నూనె మరక పడింది. దాన్ని మడిచి దోపుకోకుండా భుజం మీద వదిలేసి, నాకంటే రెండడుగులు ముందు, వీపు నిటారుగా పెట్టి, ఆమె ఇంటిదారి పట్టారు.