బ్రేక్ ఆయిల్ డబ్బాలో పల్లినూనె

నా చిన్నప్పుడు సిద్దిపేటలో ఎవరైనా కొత్త సైకిలు కొంటే వీధి వీధంతా బయటికొచ్చి చూసేది. అలాంటి రోజుల్లో మా వాకిట్లో, రేకుల కప్పు కింద, ఒక స్పోర్ట్స్ కారు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నమ్మకపోతే పోనీ, ఆ కారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, వచ్చి చూసుకోవచ్చు. దానికి రెండే సీట్లు. పైన కప్పు లేదు. ముందు భాగం బారెడు, వెనక భాగం జానెడు. మా వీధి ఆడవాళ్లు దాన్ని కారని ఒక్కనాడూ అనలేదు. 'మీ ఇంటి తొట్టి' అనేవాళ్లు. ఇయ్యాల తొట్టిలో నీళ్లు పోసిన్రా అని నన్ను ఏడిపించేవాళ్లు.

అది మా పెద్దబాపుది, అంటే మా బాపుకు స్వయానా అన్నది. ఆయన చిన్నవయసులో హైదరాబాదు పోయి ఒక ఉస్తాదు దగ్గర మెకానిక్కు పని నేర్చుకున్నాడు. ఉస్తాదు ముసలివాడై షాపు మూసేసేటప్పుడు, మూలన పడి ఉన్న ఆ పాత కారును, నువ్వయితే దీన్ని నడిపిస్తావని చెప్పి ఈయనకు అప్పగించాడట. ఇంజిను బిగుసుకుపోయి, అడుగు తుప్పు పట్టి, వరిగడ్డి పరిచిన లారీ మీద అది మా ఇంటికి వచ్చింది. దాన్ని చూసి మా పెద్దమ్మ గడపలోనే కూలబడింది. పట్నం నుంచి ఆయన కుట్టుమిషను తెస్తాడని ఎదురుచూస్తోంది పాపం.

వారమంతా పెద్దబాపు లారీల గ్యారేజీలో పనిచేసేవాడు. ఆదివారం మాత్రం కారుది. అలా ఏళ్లు గడిచాయి. నాకు పదేళ్లు వచ్చేసరికి అది ఎర్రరంగు వేసుకుని, ఇంజిను మోగి, ఇక బ్రేకులు తప్ప అన్నీ అయ్యాయి అన్నట్టు తయారైంది. బ్రేకుల పనికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని గొట్టంలోని గాలి బయటికి పోనివ్వాలి. పెడలు తొక్కే పని నాది. కాలు అందక సీటు అంచుకు జారి, తొక్కమంటే తొక్కి, పట్టమంటే పట్టి ఉండేదాన్ని. అట్లా ఒకసారి తొక్కుతుంటే పాత రబ్బర్లు చీకిపోయి నూనె కారిందని ఆయన అన్నీ విప్పేసి, కొత్త రబ్బర్లకూ కొత్త బ్రేక్ ఆయిల్‌కూ పట్నానికి కబురు పెట్టాడు. అప్పుడే నాకు ఒక మాట చెప్పాడు. ఆ నూనె తప్ప ఇంకే నూనె పోసినా రబ్బరు ఉబ్బుతుంది, బ్రేకు పట్టదు, బండి ఆగదు అని. అందుకే నాకు తెలియదు అనడానికి లేదు. బాగా తెలుసు.

ఇక ఆయన కోపం సంగతి చెప్పాలి. చెయ్యి ఎత్తేవాడు కాదు, ఎవరి మీదా. కానీ ఆయన నోరు విప్పితే వీధిలో కుక్కలు కూడా సర్దుకునేవి. ఒకసారి మా బాపు హెడ్‌లైటు అద్దం తుడుస్తూ జారవిడిచాడు. అందరి ముందూ పెద్దబాపు తిట్టిన తిట్లకు, ఇద్దరు పిల్లల తండ్రి అయిన మా బాపు తల వంచుకుని లోపలికి పోయి ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఎన్నో నెలలు ఆ కారు ఛాయలకే రాలేదు. నేను అదంతా తలుపు చాటు నుంచి చూశాను. చూసినది చూసినట్టే కడుపులో ఉండిపోయింది.

బ్రేక్ ఆయిల్ డబ్బా, కొత్త రబ్బర్లతో పాటు, ఒక శుక్రవారం పట్నం బస్సులో వచ్చింది. ఆ నూనె మా ఊళ్లో దొరికేది కాదు, గజ్వేల్‌లోనూ దొరికేది కాదు. పెద్దబాపు మూత తీసి, వాసన చూసి, సంతోషంగా మళ్లీ మూత ఆనించి, కారు పక్కన స్టూలు మీద పెట్టాడు. ఆదివారం బ్రేకులు ముగించి, పూజ చేసి, మొదటిసారి బండి బయటికి తీస్తానని వీధంతా చెప్పుకున్నాడు.

శనివారం ఒంటిపూట బడి. ఇంటికి వచ్చి, ఎవరూ చూడటం లేదని కారెక్కి, స్టీరింగు పట్టుకుని కరీంనగర్ దాకా పోయి వచ్చాను, ఉన్నచోటనే. అంతలో పెద్దమ్మ అన్నానికి పిలిచింది. గబుక్కున పక్క సీటు వైపు తలుపు తోసి దిగాను. తలుపు పోయి స్టూలుకు తగిలింది. డబ్బా ఎగిరి తలుపు మీదుగా పల్టీ కొట్టి నేల మీద బోర్లా పడింది. నేను ఎత్తేసరికి డబ్బా తేలికగా ఉంది. మట్టి అంతా తాగేసింది.  నాకు ఏడుపు కూడా రాలేదు. తలుపు మీద పడ్డ నూనెను లంగా అంచుతో తుడిచాను. పెద్దమ్మ నీళ్లకు పోయిన సందు చూసి వంటింట్లోంచి పల్లినూనె తెచ్చి డబ్బా నింపాను. రంగు దగ్గర దగ్గర అదే. మూత పెట్టి ఎక్కడి డబ్బా అక్కడే ఉంచాను.

సాయంత్రం పెద్దబాపు రాగానే చెప్పేద్దామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఆయన వచ్చీ రాగానే చాయ్ చల్లగా ఉందని పెద్దమ్మ మీద అరిచాడు. నా నోరు అక్కడే మూసుకుపోయింది.

ఆదివారం పొద్దున లేచి వాకిట్లోకి వచ్చి కారు వైపు చూశాను. నూనె పడ్డచోట తలుపు మీది ఎర్రరంగు కాచిన పాల మీద మీగడలా ముడుతలు పడి ఉంది, నా అరచేయంత. ఆ నూనెకు రంగును తినే గుణం ఉందని నాకు ఎవరు చెప్పారు? పూజకు తెచ్చిన బంతిపూల దండల్లో ఒకటి తీసి ఆ మచ్చ కప్పేలా తలుపుకు వేలాడదీశాను. అంతలో పెద్దబాపు వచ్చి, బ్రేకుల్లో నూనె పోయడం అయిపోయిందని చెప్పాడు. నన్ను పిలవకుండా పెడలు ఎవరు తొక్కారో నాకు అర్థం కాలేదు. పెద్దమ్మ తొక్కిందేమో అనుకున్నాను. పల్లినూనె బ్రేకుల్లోకి పోయింది అన్న మాట ఒక్కటే తలలో తిరుగుతోంది.

మా ఇంటి ముందు వీధి మెయిన్ రోడ్డు దాకా మొత్తం దిగుడే. రోడ్డు మీద పొద్దస్తమానం లారీలు. బ్రేకు పట్టకపోతే ఆ కారు పోయి ఎక్కడ ఆగుతుందో ఆలోచించడానికి పదేళ్ల తెలివి చాలు.

వీధి జనం చేరారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పెద్దమ్మ కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. పెద్దబాపు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఆయనకు గ్యారేజీ నుంచీ ఒక పద్ధతి ఉంది. బాగుచేసిన బండిని మొదటిసారి తీసేటప్పుడు ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్లు పక్కన కూర్చోవాలి. పనిలో ఎక్కడైనా దొంగపని జరిగి ఉంటే ఎక్కేముందే నోట్లోంచి నిజం వస్తుందని ఆయన నమ్మకం. అది నాకూ తెలుసు. కానీ ఆ పద్ధతి నాకు వర్తిస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"ఎక్కు బిడ్డా," అన్నాడు నన్ను చూసి. "బ్రేకుల పనిల నీ కాలు గుడ ఉన్నది గద. నువ్వెక్కకుంటె ఎట్ల?"

 చుట్టూ అందరూ నవ్వుతున్నారు. మా బాపు దూరంగా గోడకు ఆనుకుని ఉన్నాడు. నేను ఆయన్ని చూశాను. ఆ రోజు వంగిన ఆయన తల గుర్తొచ్చింది. వెళ్లి తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాను.

పెద్దబాపు వెంటనే బండి తియ్యలేదు. నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత ఇంజిను స్టార్ట్ చేశాడు. సీటు కింద నేల అదిరింది.

"బ్రేకులు మంచిగున్నయా బిడ్డా?"

"మంచిగున్నయ్ పెద్దబాపు."

"పోదామా మరి?"

"పోదాం," అన్నాను.

ఇంజిను ఆగిపోయింది. ఆయనే ఆపాడు. దిగి, చుట్టూ తిరిగి నా వైపు వచ్చి, తలుపు దగ్గర గొంతుక్కూర్చుని బంతిపూల దండ పక్కకు జరిపాడు. ముడుతలు పడ్డ రంగు మీద వేలు పెట్టాడు. నా ప్రాణం ఆ వేలి కింద ఉంది.

"గిది నేను పొద్దుగాలనే చూసిన," అన్నాడు. గొంతు ఎంత మెల్లగా ఉందంటే నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. "డబ్బా మూత తీస్తెనే పల్లినూనె వాసన గుప్పుమన్నది. బ్రేకులల్ల ఒక్క చుక్క గుడ పొయ్యలే. చక్రాల ముంగట ఇటుకలు గుడ తియ్యలే, చూడు."

చూశాను. నిజమే, నిమ్మకాయల పక్కనే ఇటుకలు. నా కళ్లకు అంతవరకు అవి కనబడనేలేదు.

"ఎక్కుమంటె చెప్తవనుకున్న. ఎక్కినవు. ఇంజిను మోగినంకనన్న చెప్తవనుకున్న. పోదాం అంటివి. పోతే ఏమైతదో నీకెరుకేనా?"

"ఎరుకే."

"మరెందుకు చెప్పలే?"

"నువ్వు తిడ్తవని," అన్నాను.

నేను ఇప్పటికి చాలామంది ముఖాలు చూశాను, చావు ఇళ్లలో, దవాఖానలలో. ఆ మాట విన్న క్షణంలో మా పెద్దబాపు ముఖం లాంటిది మళ్లీ చూడలేదు. ఎవరో వెనక నుంచి కొట్టినట్టు అదిరిపోయి, నేల మీద చతికిలబడ్డాడు. తను పన్నిన ఉపాయం ఇట్లా తిరుగుతుందని ఆయన ఊహించలేదు. చావంటే భయపడి పిల్ల నిజం చెప్పేస్తుందనుకున్నాడు. పిల్లకు అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉందని, ఆ భయం తనేనని ఆయనకు అప్పుడే తెలిసింది.

"నా తిట్లకన్న సచ్చుడే నయమనిపించిందా బిడ్డా నీకు," అన్నాడు. అడిగినట్టు లేదు. తనలో తను అనుకున్నట్టు ఉంది. కళ్లలోంచి నీళ్లు కారి మీసాల్లోకి పోతున్నాయి. అంతటి మనిషి ఏడవగా చూసి నేను బెదిరిపోయి, అప్పుడు ఏడ్చాను, శనివారం నుంచి రాని ఏడుపంతా.

ఆయన లేచి వీధి జనం వైపు తిరిగాడు. "ఇయ్యాల బండి పోదు," అన్నాడు. "తప్పు నాది." తప్పు నాది అనే మాట మా పెద్దబాపు నోట వినడం మా పెద్దమ్మకు కూడా అదే మొదలు. ఆవిడ కొబ్బరికాయ కొట్టడం మరిచిపోయి దాన్ని చంకలో పెట్టుకుని లోపలికి నడిచింది. ఆ మధ్యాహ్నం పెద్దబాపు మా బాపును పిలిచి, కొత్తగా వచ్చిన హెడ్‌లైటు అద్దం చేతికిచ్చి, నువ్వే బిగించు తమ్మీ అన్నాడు. ఈసారి మా బాపు అద్దాన్ని పడనివ్వలేదు.

కొత్త డబ్బా పట్నం నుంచి రావడానికి రెండు నెలలు పట్టింది. అప్పుడు పెడలు నేనే తొక్కాను, కారులో పక్క సీట్లో నేనే కూర్చున్నాను, మెయిన్ రోడ్డు దగ్గర బండి ఆగింది. తలుపు మీది ఆ ముడుతల మచ్చను మాత్రం ఆయన బతికినన్నాళ్లు మళ్లీ రంగు వెయ్యనివ్వలేదు. ఎవరైనా అడిగితే గది నేను చేసిన మచ్చ అనేవాడు.

కోపం మాత్రం ఒక్కరోజులో పోతుందా? పోలేదు. ఇంట్లో ఏదైనా పగిలినా పాడైనా ఎవరైనా వచ్చి చెబితే ఆయన ముఖం ఎర్రబడేది, దవడలు బిగుసుకునేవి, ఒక్క మాట కూడా అనకుండా విసవిసా పెరట్లోకి పోయి నల్లా కింద తల పెట్టుకునేవాడు. నీళ్లు కారుతుండగా తిరిగొచ్చి, మంచిగ చెప్పినవు అనేవాడు. ఎండాకాలం సరే, చలికాలంలో పెద్దమ్మ తువ్వాల పట్టుకుని వెంట తిరిగేది.

ఆ కోపం మా ఇంటి నెత్తురులోనే ఉంది, నాకూ వచ్చింది. కారు కూడా నాకే వచ్చింది. ఇప్పుడు అరవై దాటిన వయసులో, ఇంజనీరింగు చదివే మా మనుమరాలిని తోడు పెట్టుకుని దాన్ని మళ్లీ విప్పి బాగుచేస్తున్నాను. పోయిన నెల ఒక ఆదివారం ఆ పిల్ల నేరుగా వంటింట్లోకి వచ్చి నిలబడింది. చేతిలో గాజు ముక్క.

"అమ్మమ్మా, ముంగటి అద్దం పలిగింది. నేనే పలగ్గొట్టిన."

ఆ అద్దం ఉస్తాదు నాటిది, దేశమంతా వెతికినా ఇంకోటి దొరకదు.  నోటిదాకా ఏమేం వచ్చాయో నాకే తెలుసు. గరిటె పొయ్యి మీద వదిలేసి పెరట్లోకి పోయి నల్లా కింద తల పెట్టాను. చన్నీళ్లకు వెన్నులో వణుకు పుట్టింది. చాలాసేపు అట్లాగే ఉండి, నీళ్లు కారుతుండగా వచ్చి, మంచిగ చెప్పినవు బిడ్డా అన్నాను.

దాని ముఖంలో బాధ ఉంది గానీ భయం లేదు. వెతికాను, ఎక్కడా లేదు. తువ్వాల తెచ్చి నా తల తుడుస్తూ, "చలికాలం గద అమ్మమ్మా," అంది. "ఇగ నుంచి జర చిన్న చిన్నయే పలగ్గొడుత తియ్."