గజ్జెలు వినిపించని ప్లేయర్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను మా దినపత్రిక సూర్యాపేట జిల్లా ఎడిషన్‌లో వినియోగదారుల ఫిర్యాదుల శీర్షికకు వేశారు. వానాకాలం ధాన్యం మిల్లులకు చేరుతున్న రోజులవి. డెస్కులో ఒక నియమం ఉండేది. వస్తువును ఇరుపక్షాల ఎదుట పరీక్షించి, అమ్మినవారి వివరణ తీసుకున్నాకే ఫిర్యాదు అచ్చుకు వెళ్లాలి.

మిర్యాలగూడ నుంచి సైదులు అనే ఆయన ఫోన్ చేశాడు. ఒక రైసుమిల్లులో పాలిషర్ ఆపరేటర్. బియ్యం మీది తౌడు పొరను తీసే యంత్రం పాలిషర్. కోదాడలోని ఒక దుకాణంలో ఆయన హై-రెస్ మ్యూజిక్ ప్లేయర్ కొన్నాడు. సీడీ కంటే సూక్ష్మంగా నమోదు చేసిన పాటల ఫైళ్లను వినిపించే, అరచేతిలో ఇమిడే పరికరమది. దుకాణదారు శ్రీనివాసరావు అందులో ఒక పాత కోలాటం పాట కూడా ఎక్కించి ఇచ్చాడు. వయసులో ఉన్నప్పుడు సైదులు ఆ పాటకే కోలాటం ఆడేవాడు.

"సారూ, పాత క్యాసెట్ల గజ్జెలు గల్లుగల్లుమనేటియి. గింత ఖరీదు డబ్బాల అసలుకే లేవు. నకిలీ మాల్ అంటగట్టిండు" అన్నాడు.

ఇద్దరం కోదాడ వెళ్లాం. శ్రీనివాసరావు నొచ్చుకున్నా పరీక్షకు ఒప్పుకున్నాడు. మామూలు ఎంపీ3 పాటను పెద్ద ఫైలుగా మార్చి హై-రెస్ పేరుతో అమ్మే మోసం ఒకటుంది. అలాంటి ఫైలులో పై స్థాయి శబ్దాలు ఒక హద్దు దగ్గర కోసేసినట్టు ఆగిపోతాయి. ఆయన ఫైలును కంప్యూటర్‌లో తెరిచి గ్రాఫ్ చూపించాడు. కోత లేదు. హెడ్‌ఫోన్స్ మార్చి మార్చి పెట్టాడు. నేనూ విన్నాను. ప్రతి చరణం చివర గజ్జెలు స్పష్టంగా ఉన్నాయి.

సైదులు విని తల అడ్డంగా ఊపాడు. "డోలు మంచిగనే ఉంది. గజ్జెలే లేవు."

"మిల్లు తౌడంతా నీ చెవుల్లోకే పోయినట్టుందన్నా!" అని శ్రీనివాసరావు నవ్వాడు. మేమిద్దరం నవ్వకపోయేసరికి ఆయనా ఆగిపోయాడు.

సైదులు ప్లేయర్‌ను దుకాణంలోని స్పీకర్లకు కలపమన్నాడు. "గజ్జెలు వచ్చినప్పుడు జర చెయ్యెత్తు తమ్మీ" అన్నాడు.

చరణం చివర శ్రీనివాసరావు చెయ్యెత్తాడు. అప్పటికే, కోలాటంలో గజ్జెల దగ్గర వేసే పాత అడుగు గుర్తుతో, సైదులు మడమ నేలను తాకింది. రెండో చరణానికీ, మూడో చరణానికీ అంతే. పాట అయ్యాక ఆయన ప్లేయర్ జేబులో పెట్టుకున్నాడు.

"ఉన్నయి సారూ. నాకే ఇనవస్తలేవు."

బస్టాండులో నన్ను పక్కకు పిలిచాడు. "ఆపరేటరంటే మిషన్ సప్పుడు బట్టే నూక ఎక్కువ పడుతుందా లేదా చెప్పాలె. నేను ఇప్పుడు మిషన్‌కు అరచెయ్యి ఆనిచ్చి చూస్తున్న. ఎందుకు గట్ల చేస్తున్ననో ఇయ్యాల్టి దాంక నాకే తెల్వలే. చెవులు పోయినయని తెలిస్తే సేటు నన్ను ఆడ ఉంచడు. పేపర్ల నా పేరు ఎయ్యకుండ్రి."

మాటిచ్చాను. సూర్యాపేటలో ప్రభుత్వ చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఏళ్ల తరబడి హోరులో పనిచేస్తే సన్నటి శబ్దాలే ముందు పోతాయని, పోయింది తిరిగి రాదని, మిగిలింది కాపాడుకోవాలని ఆయన చెప్పాడు.

'ఫిర్యాదు నిరాధారం' అని రాసి ముగించమన్నాడు డెస్క్ ఇన్‌చార్జి. నేను 'వస్తువులో లోపం లేదు' అని మాత్రమే రాశాను. మిల్లుల హోరు మీద విడిగా వార్త ఇవ్వడానికి పేర్లు చెప్పేవాళ్లు కావాలి. పనిలో ఉన్నవాళ్లెవరూ నోరు విప్పలేదు. మిల్లు మానేసిన ఇద్దరు ఒప్పుకున్నారు. వాళ్ల మాటలతో, డాక్టరు వివరణతో వార్త లోపలి పేజీలో వచ్చింది. దానివల్ల ఏ మిల్లయినా మారిందని చెప్పలేను. సైదులు చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని అదే పాలిషర్ దగ్గర కొనసాగాడు.

ఫిర్యాదు ఎవరి మీద అన్నది తప్పు కావచ్చు. నష్టం మాత్రం నిజమే కావచ్చు. మిగిలిన రెండేళ్లూ ఏ ఫిర్యాదు వచ్చినా, వస్తువు గురించి అడిగే ముందు, ఆ మనిషి రోజంతా ఎక్కడ నిలబడి పనిచేస్తాడో అడిగేవాణ్ణి.