టీచర్ గారి ఖాళీ సూట్‌కేసు

ఆదివారం పొద్దున దోసెలు వేస్తుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "అమ్మ తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయింది. జూన్ ట్రిప్ మాత్రం ఎవరూ క్యాన్సిల్ చేయొద్దని నిన్ననే చెప్పింది." పంపింది మా టీచర్ గారి అమ్మాయి. పెనం మీద దోసె మాడిపోయింది. ఏడుస్తూనే నవ్వాను. పోతూ పోతూ కూడా హోంవర్క్ ఇచ్చి వెళ్లింది ఈ మహాతల్లి.

అమెరికాలో మేముండే ప్లేనోలో, మా వీధి చివరి ఇల్లు ఆవిడది. ఇక్కడికి రాకముందు చాలా ఏళ్లు టాంజానియాలో ఒక పల్లె బడిలో లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక ఏటా జూన్‌లో మాలాంటి పదిమందిని వెంటబెట్టుకుని ఆ ఊరికే సఫారీకి తీసుకెళ్లేవారు. ఊరివాళ్లు సొంతంగా నడుపుకునే గదుల్లో బస. జీపు నడిపేది ఆవిడ పాత స్టూడెంటు. గదుల మీద వచ్చేదాంతోనే బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం. పెద్ద హోటల్ కావాలన్నవాళ్లను నవ్వుతూనే వేరే ట్రిప్ చూసుకోమనేవారు.

ఆవిడ రూల్ ఒకటుంది. విమానంలో మనిషికి రెండు సూట్‌కేసులు కదా, రెండోది ఖాళీగా తేవాలి. మనవాళ్లకు ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. పెట్టె యాభై పౌండ్లకు కాస్త తక్కువ తూగినా ఇంకో పచ్చడి సీసా దూర్చేవాళ్లం మనం!

మొదటిసారి నాకది అర్థం కాలేదు. పుణ్యం కదా అని మా పిల్లల పాత బట్టలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి రెండో పెట్టె నింపేశాను. బయల్దేరే రోజు ఆవిడ మా గరాజ్‌లోకి వచ్చి జిప్ తీశారు.

"ఇవి ఎవరడిగారమ్మా?"

"ఎవరూ అడగలేదు టీచర్ గారూ. పాపం, అక్కడి పిల్లలకి యూజ్ అవుతాయని..."

"ఆ ఊళ్లో ఇద్దరు టైలర్లున్నారు. ఇద్దరూ నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్లే. నువ్వు ఫ్రీగా పంచేస్తే వాళ్లెవరికి కుట్టాలి? ఖాళీగా పట్టుకెళ్లు. వాళ్లు చేసినవి కొని నింపుకుని రా."

నా మొహం చిన్నబోవడం చూసి, పక్కన కూర్చుని తనే బట్టలు మడతపెట్టారు. "తప్పేం లేదులే. నేనూ ఓసారి సెలవులకొచ్చి గుంటూరు నుంచి పెట్టెడు పెన్సిళ్లు మోసుకెళ్లా. మా బడి పక్కన పెన్సిళ్లమ్మే కొట్టాయన నెల్లాళ్లు నాతో మాట్లాళ్లేదు" అంటూ పకపకా నవ్వారు.

తిరిగొచ్చేటప్పుడు నా పెట్టె నిండా బుట్టలూ రంగుల గుడ్డలూ. అందులో నేను అల్లిన బుట్ట కూడా ఒకటి. దాన్ని చూసి అక్కడి ఆడవాళ్లు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. ఆ వంకర బుట్టలోనే ఇప్పటికీ ఉల్లిపాయలు పోస్తాను.

అడవిలో టీచర్ గారికి తొందరనేదే లేదు. దూరంగా గడ్డిలో సింహం ఉందనగానే మావారు, దారి దిగి దగ్గరికి పోనివ్వమని డ్రైవర్‌ని బతిమాలారు. "అది మనకి అపాయింట్‌మెంట్ ఇవ్వలేదు బాబూ, కూర్చో" అని ఆవిడ ఇంజన్ ఆపించి జంతికలు పంచారు. గంటన్నర కూర్చుంటే తోక కనిపించింది. తోక మాత్రమే! ఆవిడ చప్పట్లు కొట్టబోయి చేతులు ఒళ్లో దాచుకున్నారు. ఆ తోక ఫొటోనే మావారు ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టారు.

ఆవిడ పోయాక గ్రూపులో ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. "ఆంటీ లేకుండా ఎలా వెళ్తాం? ఈ ఇయర్ వద్దులెండి." నాకూ భయంగానే ఉంది. అంతలో ఆ డ్రైవర్ వీడియో కాల్ చేశాడు. వెనకాల ఆడవాళ్లు గదులకు సున్నం వేస్తున్నారు. "జీపులో టీచర్ సీటు ఖాళీగానే ఉంచుతాను. మీరు రండి" అన్నాడు ఇంగ్లీషులో. మేం మానేస్తే అక్కడి పిల్లల కంచాల సంగతేమిటి? ఫోన్ పెట్టగానే గ్రూపులో రాశాను: "నేను వెళ్తున్నాను. వచ్చేవాళ్లు రెండో పెట్టె ఖాళీగా తెచ్చుకోండి." సాయంత్రానికల్లా అందరూ సరేనన్నారు.

నిన్న టీచర్ గారి అమ్మాయి ఆవిడ నీలం సూట్‌కేసు తెచ్చి, "ఇది నువ్వే పట్టుకెళ్లక్కా" అని ఇచ్చింది. చెయ్యి ఊరుకోక ఆవిడ ఫొటో ఒకటి అందులో పెట్టాను. "ఇవి ఎవరడిగారమ్మా?" అన్నట్టు వినిపించింది. తీసేసి జిప్ వేశాను.

ఇప్పుడది గరాజ్‌లో నిలబడి ఉంది. తలుపు ఎత్తినప్పుడల్లా గాలికి దాని చక్రాలు కదిలి, తనంతట తానే కారు వైపు రెండడుగులు వేస్తోంది.